సోన్‌పాపిడికి పోయిన చక్రాలు

నా చిన్నప్పుడు మేము అశోక్‌నగర్‌లో ఒక పాత ఇంటి కింది వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. మా తాతయ్యకు ఒక పాత కారుండేది. ఆ మోడల్ తయారు చేయడం కంపెనీ అప్పటికే మానేసింది. తాతయ్య దాన్ని షోకు కోసం ఉంచుకోలేదు. నానమ్మకు నడుం ఆపరేషన్ అయింది. ఆటో ఎక్కితే ప్రతి గుంటకూ విలవిల్లాడిపోయేది. అందుకే వారానికోసారి హిమాయత్‌నగర్‌లో డాక్టరు దగ్గరికి ఆ కారులోనే, వెనక సీట్లో రెండు దిండ్లు వేసి, మెల్లగా నడుపుకుంటూ తీసుకెళ్లేవాడు.

మా బాబాయి ఒకప్పుడు సరదాపడి ఆ కారుకు వెడల్పాటి మెరిసే చక్రాలు వేయించాడు. కారుతో పాటు వచ్చిన నాలుగు ఇనుప చక్రాలనూ విప్పి, టైర్లు తీసేసి మెట్ల కింద పడేశారు. వాటి మీద దుమ్ము పేరుకుంది, తుప్పు పట్టింది. అవి ఎవరికీ అక్కర్లేదనే నేను అనుకున్నాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం గంట కొట్టుకుంటూ సోన్‌పాపిడి బండి వచ్చింది. ఆ బండి అతను పాత ఇనుము తీసుకుని కూడా సోన్‌పాపిడి ఇచ్చేవాడు. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. నాకప్పుడు పదేళ్లు. ఎదురింటి ఇద్దరు ఆడపిల్లల్ని పిలిచి, చక్రాలను ఒక్కొక్కటే దొర్లించుకుంటూ గేటు దాకా తెచ్చాను. అతను అనుమానంగా చూశాడు. “ఇంట్ల అడిగినవా, పాపా?” అన్నాడు. “అడిగిన” అన్నాను. పెద్ద కాగితం పొట్లం నిండా సోన్‌పాపిడి ఇచ్చాడు. ముగ్గురం డాబా మీద కూర్చుని మూతులకు పిండి అంటుకునేలా తిన్నాం. సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోయాను.

వానలు మొదలయ్యాక కారుకు పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ కాగితాలు మళ్లీ రావాలంటే రవాణా ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి పాస్ చేయాలి. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి వద్దన్నాడట. చక్రాలు మడ్‌గార్డు దాటి బయటికొచ్చాయి, టైర్లు అరిగి నున్నబడ్డాయి, కంపెనీ చక్రాలు, మంచి టైర్లు వేసుకుని పదిహేను రోజుల్లో రమ్మన్నాడట. లేకపోతే కారు రోడ్డెక్కకూడదు. తాతయ్య మాత్రం ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పాడు, “ఏం ఫికర్ లేదు, అసలు చక్రాలు మెట్ల కిందనే ఉన్నయి గదా.”

నేను చప్పుడు చేయకుండా లోపలి గదిలోకి జారుకున్నాను.

మెట్ల కింద చూస్తే పాత బకెట్టు, తెగిన నవారు తప్ప ఏమీ లేవు. ఇల్లంతా వెతికారు. చివరికి నాన్న అనుమానం మా మెకానిక్ మీదికి పోయింది. చిక్కడపల్లి గల్లీలో చిన్న షెడ్డు అతనిది. మేము మామా అని పిలిచేవాళ్లం. కారు పనికి అతనొక్కడే మా వాకిట్లోకి వచ్చిపోయేవాడు. ఆ చక్రాల విలువ తెలిసినవాడు కూడా అతనొక్కడే. ఆ సాయంత్రం మామ వస్తే నాన్న లోపలికి రానివ్వలేదు. గేటు బయటే నిలబెట్టి అడిగాడు. “నేను తియ్యలె సార్. పదేండ్ల సంది మీ ఇంట్ల చాయ్ తాగుతున్న” అని మాత్రం అన్నాడు మామ. గొంతు పెంచలేదు. తల దించుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని అంతా చూశాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేకపోయాను. నిజం చెబితే తాతయ్య ముఖం ఎలా మారుతుందో అన్నదే నా భయం. రెండు రోజులు అన్నం సయించలేదు. నానమ్మ జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.

మూడో రోజు ఆదివారం. చక్రాల సంగతి తర్వాత, ముందు టైర్లయినా చూసి పెడదామని తాతయ్య బయల్దేరాడు. నాకు గాలి మారుతుందని నన్నూ వెంట తీసుకెళ్లాడు. నారాయణగూడలో టైర్ల దుకాణం ముందు రిక్షా దిగేసరికి అక్కడ మామ నిలబడి ఉన్నాడు. తాతయ్యే కబురు పెట్టాడట. నాన్న అన్న మాటలకు తాతయ్య ఏదో సర్దిచెప్పబోయాడు. మామ చెయ్యి అడ్డం ఊపాడు. “అది తర్వాత మాట్లాడుదాం, పెద్దసారు. అమ్మ దవాఖానకు పోవాలె గదా, ముందు బండి చూద్దాం.”

అంత సన్నటి టైర్లు అప్పటికే అరుదైపోయాయి. మామ అంతకుముందు అడిగిన రెండు దుకాణాల్లో లేవన్నారట. ఇక్కడ దుకాణదారు అటక మీది నుంచి నాలుగు టైర్లు దింపించాడు. నిగనిగలాడుతున్నాయి. తాతయ్యకు ప్రాణం లేచొచ్చింది. మామ మాత్రం ఒకదాన్ని మోకాలికి ఆనించి, రెండు చేతులతో గట్టిగా వంచాడు. పక్కల్లో వెంట్రుకల్లాంటి పగుళ్లు బయటపడ్డాయి. వేలితో రుద్దితే నల్లరంగు అంటింది. “పాత టైర్లకు రంగేసిన్రు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు కనపడకపోయినా, స్పీడ్ మీద పగిలితే ఏం గావాలె? వెనక సీట్ల అమ్మ ఉంటది” అన్నాడు.

దొంగ అని మేము గేటు బయట నిలబెట్టిన మనిషి మా నానమ్మ గురించి ఆలోచిస్తున్నాడు. ఇక నావల్ల కాలేదు. ఫుట్‌పాత్ మీదే, జనం అటూ ఇటూ పోతుండగానే, వెక్కుతూ అంతా చెప్పేశాను. గంట, దొర్లించడం, పొట్లం, ‘అడిగిన’ అన్న అబద్ధం.

తాతయ్య జేబురుమాలు తీసి నా ముఖం తుడిచాడు. మామ కళ్లు పెద్దవి చేసి, “నాలుగు చక్రాలకు ఒక్క పొట్లమా!” అని పకపకా నవ్వాడు. తర్వాత నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ మాటలు నాకిప్పటికీ వినిపిస్తాయి.

“ఏడ్వకు బిడ్డా. ఇప్పటిదాకా మనం దొంగను ఎతుకుతున్నం. దొంగ అంటే పట్నమంత ఎతకాలె. సోన్‌పాపిడి బండి అంటే రెండు గల్లీలే. నువ్వు చెప్పినవ్, ఎతుకుడు అల్కగైంది.”

నిజంగానే వెతకడం అంత సులువైంది. సోన్‌పాపిడి అతను ముషీరాబాద్‌లో ఉంటాడని చిక్కడపల్లిలో మొదటి చాయ్ హోటల్లోనే చెప్పారు. అతను మమ్మల్ని పాత సామాన్ల కొట్టుకు తీసుకెళ్లాడు. రెండు చక్రాలు అక్కడే ఇనుప కుప్ప మీద ఉన్నాయి. మిగతా రెండూ కొట్టు ముందున్న, కట్టెలు మోసే ఒక తోపుడు బండికి బిగించి ఉన్నాయి. ఆ బండి ఆయన మొదట ససేమిరా అన్నాడు. “ఇయి తీస్కపోతే నేనెట్ల బతకాలె?” అన్నాడు. ఆ మాటా నిజమే. తాతయ్య ఒత్తిడి చేయలేదు. బాబాయి వేయించిన మెరిసే చక్రాలు రెండు ఇస్తామని, వాటిని బండికి తనే బిగించి ఇస్తానని మామ చెప్పాడు. సాయంత్రం షెడ్డులో మామ బిగించిన ఆ గాలి నిండిన చక్రాల మీద బండి తేలిగ్గా కదిలేసరికి ఆయన ముఖం విప్పారింది. చిక్కడపల్లి మార్కెట్ దారిలో కట్టెల బండి కారులాగా తళతళలాడుతూ పోతుంటే, మూడు రోజుల తర్వాత నేను మొదటిసారి నవ్వాను.

ఇంటికి రాగానే నాన్నకు నువ్వే చెప్పాలన్నాడు తాతయ్య. చెప్పాను. తిట్లు పడ్డాయి, అవి న్యాయమే. కాని మర్నాడు పొద్దున్నే నాన్న ఆఫీసుకు వెళ్లే ముందు షెడ్డుకు వెళ్లి, “తప్పు నాది, మనసుల పెట్టుకోకు” అన్నాడు. మామ స్టూలు తుడిచి వేసి, ఇద్దరికీ చాయ్ తెప్పించాడు.

చక్రాల వంకర తీసి, తుప్పు గీకి, వెండిరంగు వేశాడు మామ. సరైన టైర్లు అతని చుట్టం ఒకాయన జిల్లా నుంచి పంపాడు, కొత్తవి, కాగితం చుట్టు కూడా విప్పనివి. గడువుకు రెండు రోజుల ముందే కారు పాసైంది. ఆ వారం నానమ్మ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నేను ముందు సీట్లో కూర్చున్నాను. దారిలో ఆమె ఒక్కసారి కూడా అబ్బా అనలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. అశోక్‌నగర్‌లోనే ఉంటున్నాను. సర్కారు పరీక్షలకు చదువుకునే ఊళ్ల పిల్లలకు పై గదులు కిరాయికిచ్చాను. ఈమధ్య ఒక అమ్మాయి తన సర్టిఫికెట్ల కవరు కనపడక, పక్క గది పిల్లను అనుమానిస్తూ ఏడుస్తోంది. వరండాలో ఉన్న పాత పేపర్ల కట్ట పొద్దున పేపర్లు కొనే అతనికి నేనే వేసేశానని నాకప్పుడు గుర్తొచ్చింది. ఈ వయసులోనూ అలాగే లోపలి గదిలోకి జారుకుందామనిపించింది. అయినా ఆ పిల్ల ముందుకెళ్లి, “నేనే పేపర్లతో కలిపి ఇచ్చేసినట్టున్న, అమ్మా, నడువు పోదాం” అన్నాను. గంటలో పాత పేపర్ల కొట్లో కవరు దొరికింది.

భయం పోతుందని ఎవరికీ చెప్పను. నాకే పోలేదు. నా తప్పు నేను ఎంత తొందరగా చెబితే వెతకాల్సిన చోటు అంత చిన్నదవుతుందని, ఈలోగా ఏ పాపమూ ఎరగని మనిషి గేటు బయట నిలబడక్కర్లేదని మాత్రం ఆ రోజు నుంచి నాకు తెలుసు.