వంతెన పాదంలో కొబ్బరినీళ్లు

నా భార్య రోజూ పాత వేలాడే వంతెన మీదుగా పెన్నేరు దాటాలి. హిందూపురం గార్మెంట్స్ ఫ్యాక్టరీ బస్సు అవతలి గట్టునే ఆగుతుంది. ఆమె దాటేదాకా నేను ఇవతల నిలబడి, వంతెనను మోసే ఇనుప తాడు మీద చెయ్యి వేసి ఉంచుతాను. ఆమె అడుగు వేసినప్పుడల్లా తాడు నా అరచేతిలో వణుకుతుంది. వణుకు ఆగితే నాకు ఊపిరాడదు.

రెండు గట్ల మీదా రాతి స్తంభాలు. వాటి మీదుగా వచ్చిన తాళ్లు రాతి గుంటల్లోకి దిగుతాయి. మొత్తం బరువు ఆ కొసల మీదే. ఆ గుంటను మా ఊళ్లో వంతెన పాదం అంటారు. ఆయుధపూజకు పసుపు కుంకుమలు పెట్టి, టెంకాయ కొట్టి, నీళ్లు అందులోకే వంచుతారు. ఆ నీళ్లు బయటికి పోయే దారి లేదు.

నాది సైకిల్ షాపు. బ్రేకు వైరు పైకి మెరుస్తూనే ఉంటుంది, తొడుగు లోపల తడి నిలిచిన చోట తెగుతుంది. నిరుడు వంతెనను కాపాడతామని పెనుకొండ నుంచి కాంట్రాక్టరు మనుషులు వచ్చి, తాళ్లకు వెండిరంగు పూసి లైట్లు కట్టారు. గుంటలో నీళ్లు తోడి తాడు కొస చూడమని అడిగాను.

"ఏమప్పా, ఇది నీ సైకిలనుకుంటివా?" అన్నాడు మేస్త్రీ.

మా ఊరివాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. నాకు బ్రేకువైరు అని పేరు పెట్టిందీ వాళ్లే. తర్వాత ఎన్ని అర్జీలిచ్చినా, రంగు వేయించాం కదా అనే జవాబు.

ఈసారి ఆయుధపూజనాడు పొద్దున్నే పోయి గుంటకు అడ్డంగా కూర్చున్నాను. వచ్చినవాళ్లు తిట్టారు. దేవుడికి పోసిన నీళ్లు ఇనుమును తింటాయా అని ఒకాయన ఎకసెక్కమాడాడు. నిరుడు మొదట నవ్వింది ఆయనే. నేను లేవలేదు. చివరికి పళ్లెం పట్టుకుని నా భార్యే వచ్చింది.

"లెయ్యి. నేను నీళ్లు పొయ్యాల."

"నీకోసరమే ఈడ కూచోనుండా."

"దాటేది నేను. నడిమధ్యకు పోతానే కాళ్లు వణుకుతాయి. ఈ నీళ్లు పోసినాననే ధైర్నంతోనే అడుగేస్తాండా. అదీ వద్దంటే ఎట్ల దాటాల?"

ఆమెకూ భయమని నాకు ఇన్నేళ్లూ తెలియదు. నవ్వినవాళ్ల ఎదుటే పక్కకు జరిగాను. గుంట అడుగున, నిలిచిన నీళ్లలో నీళ్లు పడిన చప్పుడు వినిపించింది.

పండగ సెలవు అయిపోయాక ఆమె మళ్లీ వంతెన ఎక్కింది. నేను తాడు పట్టుకున్నాను. ఆమె నడిమధ్యకు చేరేసరికి వెండిరంగు పెళ్ల ఒకటి ఊడి నా అరచేతికి అంటుకుంది. దాని వెనక అంతా ఎర్రటి తుప్పు.

నేను పిలవలేదు. పిలిస్తే నడిమధ్యలోనే ఆగిపోతుంది.