మెరుగు గుడ్డ

చేవెళ్ల బజారులో నా బట్టల దుకాణం పక్కనే అవుసలి శంకరయ్య నగల కొట్టు. ముక్కుపుడకకు మెరుగు పెట్టమని ఇస్తే వారం తిప్పుతాడు గాని, చేతికొచ్చాక అందులో మొహం చూసుకోవచ్చు. ఆ చెయ్యి ఊరుకోదు. తాళంచెవి దొరికినా, రూపాయి బిళ్ల దొరికినా గుడ్డతో రుద్దుతూనే ఉంటాడు. ఒకసారి నా ఇనుప మీటరు కడ్డీని అంకెలు చెరిగిపోయేదాకా రుద్దాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆయన కూతురు వెన్నెల ఇంటర్ చదువుతూ మొయినాబాద్ షూటింగ్ రేంజిలో ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఆదివారం అక్కడే రాష్ట్ర జట్టుకు ఎంపిక. సరిగ్గా అప్పుడే ఆమె తుపాకీకి నప్పే విదేశీ పెల్లెట్లు, ఆ సీసపు గుళ్లు, అయిపోయాయి. కొత్త డబ్బా రావడానికి పదిహేను రోజులన్నారు. వేరే రకం వేస్తే గురి చెదురుతోంది. కోచ్ గిద్యోను తల పట్టుకున్నాడు.

"గింతంత సీసం ముక్కనే గదా సార్, నేను పోస్త," అన్నాడు శంకరయ్య.

నాకు భయమేసింది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పిల్ల మూడేళ్ల కష్టం గంగపాలే. ఆయన మాత్రం పాత పెల్లెట్ ఒకటి ముందు పెట్టుకుని అచ్చు చెక్కాడు, నచ్చక మూడుసార్లు మార్చాడు. గురువారం తుపాకీని బల్లకు బిగించి ఐదు కాలిస్తే, ఐదూ ఒకే చిల్లులో దూరాయి. గిద్యోను ఆయన్ని కౌగిలించుకున్నాడు.

ఎంపిక కోసం శుక్రవారం వంద పోశాడు. శనివారం పొద్దున నా కారులోనే తీసుకెళ్లాం. మళ్లీ బల్లకు బిగించి కాల్చారు. ఒకటి పైకి, ఒకటి కిందికి, మూడు పక్కలకు. వెన్నెల మొహం పాలిపోయింది.

శంకరయ్య బంగారం తూచే కాంటా తీసి ఒక్కొక్కటే తూచాడు. అన్నీ ఒక్క తూకమే.

"మొన్నటికి, ఇయ్యాలకు ఏం మార్చినవ్ అన్న?" గిద్యోను అడిగాడు.

"ఏం మార్చలే సార్. అదే సీసం, అదే అచ్చు."

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. వెన్నెల ఒక పెల్లెట్‌ను వెలుతురులో తిప్పి చూసింది. "బాపూ, ఇవి గిట్ల మెరుస్తున్నయేంది?"

శంకరయ్య ఆ పెల్లెట్‌ను చేతిలోకి తీసుకున్నాడు. "జర రుద్దిన బిడ్డా. మొన్నటియి తొందరల అట్లనే తెచ్చిన. ఇవి నల్లగ, గలీజుగ కనవడ్డయి. నీ చేతికి అట్ల ఎట్లిస్త?"

మెత్తటి సీసం. రుద్దితే ఒక్కోటి ఒక్కో పక్కన అరిగి లావు మారింది. తూకం కుదిరినవే ఏరి తెచ్చాడు గాని లావు చూసుకోలేదు.

"నా కడ్డీ సాలలేదా శంకరయ్యా? బిడ్డ బతుకు గూడ రుద్దుతవా?" అనేశాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుతో తల దించుకున్నాను.

"తిట్టకు పెద్దబాపు," అంది వెన్నెల నాతో. "ఆ గుడ్డ నీ దగ్గర వెట్టుకో."

మధ్యాహ్నం దుకాణంలో మళ్లీ కొలిమి రాజేశాడు. గుడ్డ నా జేబులో ఉంది. పెల్లెట్ అచ్చులోంచి పడ్డప్పుడల్లా ఆయన బొటనవేలు దాని మీదికి వెళ్లేది. ఎదురుగా కూర్చున్న వెన్నెల "బాపూ" అనేది. చెయ్యి వెనక్కి వచ్చేది. పొద్దుగూకేసరికి తొంభై అయ్యాయి. అప్పటికి రేంజి మూసేశారు, పరీక్షించే వీలు లేకపోయింది.

ఆదివారం వెన్నెల అరవై కాల్చాలి. ఆయన లక్ష్యం వైపు చూడనే లేదు. నా మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

"ఎట్లున్నది సేటూ?"

"పది. నడిమిట్లనే తాకింది."

"ఇప్పుడు?"

"మళ్ల పదే."

ముప్పయ్యోది ఎనిమిదికి పోయింది. దాచలేక చెప్పేశాను. ఆయన వేళ్లు నా చేతిలోకి దిగాయి. "అది బిడ్డ తప్పా, నా తప్పా?" అన్నాడు. మిగతా ముప్పై ఎలా గడిచాయో నాకు గుర్తు లేదు.

ఎనిమిది మందిని తీసుకున్నారు. వెన్నెలది ఏడో పేరు. పిల్ల పరుగెత్తుకొచ్చి, మిగిలిన పెల్లెట్లలోంచి ఒకటి తీసి తండ్రి అరచేతిలో పెట్టింది. నల్లగా, మొద్దుగా ఉంది. శంకరయ్య బొటనవేలు దాని మీదికి వెళ్లింది, ఆగింది. చటుక్కున దాన్ని నా జేబులో, గుడ్డ పక్కన వేశాడు.

"నీ దగ్గరనే ఉంచు సేటూ. నా దగ్గరుంటే రుద్దుత."