చప్పట్లు కొట్టే చేతులకు ఏ మైకు?

మా ఆవిడ కమలాదేవి పాట ఎత్తుకుంటేనే సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో మా వాళ్ల బతుకమ్మ మొదలయ్యేది. పద్దెనిమిదేళ్లుగా అంతే. ఆవిడ ఒక చరణం అంటుంది, చుట్టూ తిరిగే ఆడవాళ్లు అందుకుంటారు. ఆవిడ ఉద్యోగం ఫ్యాక్టరీలో, తయారైన పార్టులు పరీక్షించడం. వంక పెట్టకుండా దేన్నీ వదలదు, నాతో సహా.

పోయినేడు జనం బాగా పెరిగారు. వెనక వరసకు పాట వినపడక, ముందువాళ్లది ఒక చరణం, వెనకవాళ్లది ఇంకొకటి. ఈసారి ఏర్పాట్లు చూస్తున్న అలేఖ్య తేల్చి చెప్పేసింది.

"ఆంటీ, సాటర్డే టెస్ట్ చేద్దాం. లాస్ట్ రో దాంక వినవడకపోతె ఫోన్ల సాంగ్స్ పెట్టేస్తం, ఓకేనా?"

ఫోన్ పాటలా! మా ఆవిడ ఆ పూట అన్నం సరిగా తినలేదు. "పాట నేను ఎత్తుకోకుంటె ఇగ నేనెందుకు పోవుడు?" అంది.

మర్నాడే చక్రాల స్పీకర్ పెట్టె కొన్నాం. షాపు మెట్ల మీద మోసింది ఎవరో చెప్పాలా? షాపాయన మూడు రకాల మైకులు ఇచ్చి, వద్దన్నవి తిరిగి తెమ్మన్నాడు.

శనివారం సాయంత్రం మా బ్లాక్ కింద, స్తంభాల మధ్య ఖాళీలో పది మంది ఆడవాళ్లు చేరారు. మా ఆవిడ పట్టుచీర, కాసులపేరు, తలనిండా మల్లెపూలతో దిగింది. పరీక్షంటే అన్నీ వేసుకునే చేయాలట!

చేతి మైకులో గొంతు ఖంగుమంది. కానీ వంగి చప్పట్లు కొట్టేదెలా?

"మైకు పట్టుకోవాలె, సప్పట్లు కొట్టాలె. నాకేమన్న మూడు చేతులున్నయా?"

పైటకు గుచ్చే చిన్న మైకు పెట్టాం. పాటకన్నా కాసులపేరు గలగలే ఎక్కువ. "అది తీసెయ్యరాదూ" అన్నాను. ఆవిడ చూసిన చూపుకు రెండడుగులు వెనక్కి వేశాను.

ఇక మిగిలింది తలకు తగిలించుకునేది, బుగ్గ పక్కన సన్నటి కడ్డీతో. పూల మీద నిలవక జారిపోయింది. అలేఖ్య ఫోన్ తీసింది.

మా ఆవిడ మల్లెదండ లాగి నా చేతిలో పెట్టి, నాలుగు పిన్నులతో మైకు బిగించింది. పాడుతూ తిరగబోయేసరికి, మధ్యలో ఉన్న స్పీకర్ కుయ్యిమని చెవులకు చిల్లులు పొడిచింది. పెట్టెను గబగబా వలయం బయటికి, దూరంగా లాగేశాను.

రెండు చేతులతో చప్పట్లు! గొంతు చివరి స్తంభం దాటి లిఫ్టు దాకా వినపడింది. నేనైతే ఈల వేశాను, సిగ్గెందుకు? ఎవరి తల్లి ఎవరో ఈవిడకు అంతా నోటికే. అప్పటికప్పుడు కట్టి పాడింది:

"ఆర్మూరు గంగామణి ఉయ్యాలో
కన్నబిడ్డ అలేఖ్య ఉయ్యాలో..."

అలేఖ్య నిలబడిపోయింది. ఫోన్ బ్యాగులో పడేసి, వచ్చి వరసలో చేరింది.

"ఆంటీ, మా అమ్మ పేరు ఇంకొక్కసారి పాడరా?"