బాపుకు బద్లీ

నా చిన్నప్పుడు పక్కింటి అక్కను ఒక ప్రశ్న అడిగాను. దానికి ఇప్పటికీ జవాబు రాలేదు. ఫోన్ చేసి అడిగితే నవ్వి మాట మారుస్తుంది. పెళ్లిళ్లలో ఎదురుపడి అడిగితే, "ఇంకా యాదున్నదారా నీకు" అని భోజనాల వైపు వెళ్లిపోతుంది. ఈ సంగతి ఎత్తగానే మా మనవలు లేచి పోతారు. నోటితో అడిగితే వినేవాళ్లు లేరు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

అది యాభై ఏళ్ల కిందట, కరోనా వచ్చి దేశమంతా తలుపులు మూసుకున్న ఏడు. సూరత్‌లోని భేస్తాన్‌లో, వరసగా ఒక్కో గదే ఉండే చాల్‌లో మా కాపురం. మగవాళ్లంతా మా ఊళ్ల నుంచి వలసవచ్చి మరమగ్గాల మీద పనిచేసేవాళ్లే. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన నాకు, మగ్గాలు ఆగిపోయాక నిద్ర పట్టేది కాదు. అంతలో మా బాపుకు జ్వరం వచ్చింది. అదే రోగమని తేల్చి అంబులెన్సులో తీసుకుపోయారు. అమ్మకూ నాకూ లేదని తేలినా, మా సందు మొదట్లో వెదురు బొంగులు అడ్డంగా కట్టేశారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ బాపుతో వెళ్లింది. దానితోపాటే నా ఆన్‌లైన్ బడీ పోయింది.

మిగిలింది గది, కిటికీ, గడప. కిటికీలోంచి చూస్తే ఎదురు గోడ. నేను ఆ గోడ పగుళ్లు చూస్తూ కూర్చోవడం భరించలేక కాబోలు, కాలేజీలో చదివే పక్కింటి అక్క తన గడప మీద కూర్చుని, నన్ను నా గడప మీదే కూర్చోబెట్టి, ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టింది. పార్ట్స్ ఆఫ్ స్పీచ్ నాకు ఎంతకీ ఎక్కేవి కావు. పుస్తకం పక్కన పెట్టి, మీ బాపు కార్ఖానాలో ఎవరెవరు ఏం పని చేస్తారో చెప్పమంది. చెప్పాను. నడిచే మగ్గం వెర్బ్ అంది. అది ఆగితే అంతా ఆగుతుంది. గుడ్డ పట్టి చూసి, ఇది మంచిది, ఇది మరకలది అని చెప్పేవాడు అడ్జెక్టివ్. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు కొసలు ముడివేసేవాడు కంజంక్షన్. పోగు తెగగానే వేసే కేక ఇంటర్జెక్షన్. మాట పేరు కాదు, అది చేసే పని చూడాలంది.

గడపల మీద కూర్చున్నవాళ్లంతా తమకూ ఒక పని పంచమన్నారు. మా అమ్మను వెర్బ్ చేసింది. ప్రతిదానికీ అయ్యో అనే చివరి గది ముసలమ్మను ఇంటర్జెక్షన్ చేసింది. నా వంతు వచ్చింది.

"వీడు ప్రొనౌన్. బాపుకు బద్లీ."

వరసంతా నవ్వింది. బద్లీ అంటే, అసలు పనివాడు రాని రోజున అతని మగ్గం దగ్గర నిలబడేవాడు. సొంత మగ్గం ఉండదు, చాయ్ కూడా ఆఖరున అందుతుంది. అందరి ముందూ నన్ను అంత మాట అంది. లేచి తలుపు వేసుకున్నాను. తర్వాత ఆమె ఎన్నిసార్లు పిలిచినా గడప మీదికి రాలేదు.

అక్క ఫోన్ నుంచే అమ్మ బాపుతో మాట్లాడుతుండేది. ఒకరోజు బాపు ఫోన్ కలవడం మానేసింది. అమ్మ పొయ్యి వెలిగించలేదు. ఆ సాయంత్రమే బొంగుల దగ్గరికి బియ్యం బండి వచ్చింది. ఇంటిపెద్దల పేర్లు పిలుస్తున్నారు. బాపు పేరు పిలిచారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. మళ్లీ పిలిచారు. వెనకనుంచి అక్క గొంతు వినిపించింది.

"పోరా, బద్లీ."

వెళ్లాను. "ఉన్‌కీ జగహ్ మై ఆయా", ఆయన బదులు నేనొచ్చాను అన్నాను. సంచి చేతికిచ్చారు. తిరిగివస్తుంటే కోపం మరిచి అక్కను అడిగాను, బాపు ఇక రాకపోతే ఎలా అని.

"మనిషి ఇగ రాడంటే కార్ఖానాల బద్లీని పెడ్తరారా? కొత్తోణ్ని పెడ్తరు. బద్లీ ఉన్నడంటే ఆ మగ్గం ఇంకా మీ బాపుదే."

నిజమే. బాపు ఊరికి వెళ్లినప్పుడల్లా అతని మగ్గం దగ్గర బద్లీయే ఉండేవాడు. తిరిగి రాగానే పక్కకు జరిగేవాడు. అది నాకు తెలుసు. తెలిసీ ఆ మాటను తిట్టుగానే పట్టుకున్నాను. ఆ రాత్రి అమ్మ పొయ్యి వెలిగించి, బాపు కంచంలో నాకు అన్నం పెట్టింది. తినబోతూ గోడ అవతలికి గట్టిగా అడిగాను: "అక్కా, బాపు వచ్చినంక మరి నేనెవర్ని?"

"రానియ్యి, అప్పుడు చెప్త."

సందు బొంగులు తీశాక బాపు వచ్చాడు. ఫోన్ చెడిపోయిందట, అంతే. గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి తన చోట కూర్చున్నాడు. నేను పక్కకు జరిగి, జవాబు కోసం పక్కింటికి పరుగెత్తాను. తాళం వేసి ఉంది. ఆ ఉదయమే రైలు దొరికి వాళ్లు ఊరికి వెళ్లిపోయారు.

ఇప్పటికీ ఇంగ్లీషులో హి, షి అని కనబడితే, ఆ మాట ఎవరి చోటును కాపాడుతున్నదా అని వెనక్కి వెతుకుతాను. మనిషి కనబడేదాకా ముందుకు చదవలేను. ఆ మేరకు నీ పాఠం నా దగ్గర భద్రంగా ఉంది, అక్కా. కానీ బాపు వచ్చి తన మగ్గం దగ్గర నిలబడి, పని మానేసి, పోయి కూడా చాలా కాలమైంది. అప్పుడు చెప్తానన్నావు. నేనెవర్ని? ఈసారి నవ్వకుండా చెప్పు.