కుండీలో గుడ్డిపాము

పెళ్లయిన చాలా ఏళ్లకు మా చెల్లె నీళ్లోసుకుంది. అలియాబాద్ దగ్గర రోడ్డు పక్కనే వాళ్ల నర్సరీ, అందులోనే ఇల్లు. ఏడో నెల వచ్చినా మల్లె అంట్లు కట్టుకుంటూ కూర్చునేది. ఆమె భర్తకు, మా మరిదికి, మాత్రం ఒకటే పరేషాన్. భార్య కడుపుతో ఉంటే భర్త ఏ ప్రాణినీ చంపకూడదని, పాముల జోలికి అసలే పోకూడదని మా వైపు పట్టింపు. ఆ నెలల్లో ఒంటి మీద వాలిన దోమను కూడా ఊదేసేవాడే తప్ప కొట్టేవాడు కాదు. నేను తెగ నవ్వేదాన్ని.

ఒక పొద్దున మరిది పాత క్రోటన్ కుండీ బోర్లించి, చిన్న పారతో వేళ్లు విడదీస్తుంటే మట్టిలో ఏదో తెగింది. వానపామే అనుకున్నాడు. కుండీల పనిలో అది రోజూ ఉండేదే. కానీ తెగిన ముక్క సన్నని నాలుక చాపింది. పక్కనే ఉన్న చెల్లె కూడా చూసింది. అది గుడ్డిపాము.

ఆ తర్వాత కొన్నాళ్లకే కడుపులో బిడ్డ కదలడం మానేసింది. ఆసుపత్రి నుంచి చెల్లె ఖాళీ చేతులతో వచ్చింది.

మరిదిని ఎవరూ ఒక్క మాట అనలేదు. తప్పంతా తనే నెత్తిన వేసుకున్నాడు. పుట్టల్లో పాలు పోస్తాడు, గుళ్లు తిరుగుతాడు, నర్సరీ షెడ్డులోనే పడుకుంటాడు. చెల్లె ముఖం మాత్రం చూడడు.

"పాము సంగతి నాకెందుకక్కా," అన్నది చెల్లె. "నా పక్కకు కూసోని ఒక్కపారి ఏడుస్తె సాలు. నేనొక్కదాన్నే ఏడుస్తున్న."

నా గుండె తరుక్కుపోయింది. వెంటనే అతని మీద ఒళ్లు మండింది కూడా. కండ్లకోయలో పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేదాన్ని, ఈ ఒక్క మనిషికి చెప్పలేనా అనుకున్నాను. ఆదివారం వెళ్లి, చెల్లె మంచం ఎదురుగా స్టూలు వేసి అతన్ని కూర్చోబెట్టాను.

అది నాగుపాము కాదన్నాను. చెదపురుగులు, చీమల గుడ్లు తిని మట్టిలోనే బతుకుతుంది, పగబట్టే తీరిక దానికెక్కడిది అన్నాను. లోకంలో వాటిలో వందల రకాలున్నాయి. ఆఫ్రికాలో గజం దాకా పెరిగేవున్నాయి, ఒక కరేబియన్ దీవిలో సేమ్యా పోగంత సన్నవీ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోనైతే లెక్కలేనన్ని. మన కుండీల్లో ఉండేదేమో మొక్కల మట్టితో పాటు ఓడలెక్కి దేశదేశాలకు చేరింది. అతను నేల చూస్తూ వింటున్నాడు. నాకు హుషారొచ్చింది.

"ఎట్లనో ఎర్కేనా? గీ రకంల అన్నీ ఆడయే. మగదానితోని పనే లేదు. ఒక్కటి చేరితె సాలు, గుడ్లు పెట్టి పిల్లల్ని జేస్తది."

అతను తలెత్తాడు. ఎన్నో రోజుల తర్వాత ఆ కళ్లు చూశాను, ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"అన్నీ ఆడయేనా వదినె?"

"అవును."

"మరి నేను తెంపినప్పుడు దాని కడుపుల గుడ్లుండెనా?"

మంచం మీద చెల్లె కొంచెం జరిగి, అతనికి చోటిచ్చింది. అతను లేచి, నీళ్ల పైపు పట్టుకొని మొక్కల్లోకి వెళ్లిపోయాడు.