ఎందాకా అని అడిగే మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు నాకు స్కూల్లో, కంప్యూటర్ ల్యాబులో ఉండగా తెలిసింది. నేను ఎనిమిదో తరగతి పిల్లల చేత ఒక కాగితం మీద సంతకాలు పెట్టిస్తున్నాను. ‘ఇంటర్నెట్‌లో నా పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వను’ అంటూ మొదలయ్యే కాగితం. అన్నీ ఇలాంటి ప్రతిజ్ఞలే. కింద పిల్లల సంతకం, ఆ పక్కన తండ్రిది. సగం మంది చదవకుండానే గీకేశారు. ఒకడు వాళ్ళ నాన్న సంతకం కూడా తనే పెట్టి తెచ్చాడు. వాడిని నిలబెట్టి తిడుతుంటే ఫోన్ మోగింది. హైస్కూల్లో చదివేటప్పుడు నా పక్కన కూర్చునే స్నేహితురాలు.

“మాస్టారు పోయారటే. పొద్దున్నే గుండెల్లో నొప్పి అన్నారట. కాకినాడ తీసుకెళ్ళేలోపే అయిపోయిందట” అంది. తరవాత అదే, “మంచాయనే పాపం. ఆ రోజు తాళం తలుపుకి వదిలేసి వెళ్ళకుండా ఉండాల్సింది గానీ” అంది.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. దాని మీద కాదు, నా మీద. మాస్టారు తాళం తలుపుకి వదిలేసి వెళ్ళలేదు. నా చేతిలో పెట్టి వెళ్ళారు. ఎనిమిదేళ్ళుగా ఈ సంగతి ఆయనకీ నాకూ మాత్రమే తెలుసు. ఇప్పుడు నా ఒక్కదానికే తెలుసు.

మాది ద్రాక్షారామానికి దగ్గరలో ఉన్న ఊరు. మేము పదో తరగతిలో ఉండగా మా హైస్కూలుకి నాలుగు కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ కనెక్షను వచ్చాయి. కిటికీలకు ఊచలున్న గది ఆటసామాన్ల గది ఒక్కటే కాబట్టి వాటిని అందులో పెట్టారు. ఆ గది తాళం డ్రిల్లు మాస్టారి దగ్గర ఉండేది కాబట్టి కంప్యూటర్లకూ ఆయన్నే ఇన్‌ఛార్జిని చేశారు. అంతే. ఆయనకు వాటి గురించి ఏం తెలుసని ఎవరూ అడగలేదు. ఒక మూల వాలీబాల్ నెట్టు, ఇంకో మూల ఈటెలు, మధ్యలో కంప్యూటర్లు. ఆయన మెడలో ఈలతోనే వచ్చి ఒక్క వేలితో టైపు కొట్టడం మా దగ్గరే నేర్చుకున్నారు.

మాస్టారికి బాగా తెలిసింది ఈత. ఊళ్ళో పిల్లలకి కాలవలో ఈత నేర్పేది ఆయనే. ఇంటర్నెట్‌కి కూడా కాలవ పద్ధతులే పెట్టారు. ఒక్కరే కూర్చోకూడదు. ఒకరు కీబోర్డు దగ్గర, ఒకరు ‘గట్టు మీద’. గట్టు మీద ఉన్నవాళ్ళు చూపు తిప్పకూడదు. పది నిమిషాలకి ఈల వేస్తే ఇద్దరూ చోటు మారాలి. “మునిగేది ఈత రానివాడు కాదమ్మా, వాడు ఎలాగూ దిగడు. కొంచెం వచ్చినవాడే మునుగుతాడు” అనేవారు.

ఇంకో పద్ధతి పూర్తిగా ఆయనదే. మా వైపు బయటికి వెళ్ళేవాళ్ళని ‘ఎక్కడికి’ అని అడగరు, వెళ్ళే పని చెడుతుందని. ‘ఎందాకా’ అంటారు. మాస్టారు కంప్యూటరు ముందు కూర్చున్న వాళ్ళని కూడా అలాగే అడిగేవారు. ఫోన్ లైను కీచుమంటూ కలిసే లోపల వెనకాల నిలబడి, “ఎందాకా?” అనేవారు. కిరణజన్య సంయోగక్రియ దాకా అనో, గ్రహణాల దాకా అనో చెప్పాలి. లేచేటప్పుడు, “చేరారా?” అనేవారు. చేరకపోతే చేరలేదనాలి. “దారి తప్పితే తిట్టను. తప్పామని చెప్పకపోతే తిడతాను” అనేవారు. ఒకసారి ఇద్దరు కుర్రాళ్ళు ఏవో పిచ్చి బొమ్మలు కనిపించాయని తల దించుకుని చెప్పారు. ఆయన తిట్టలేదు. ఎలా వచ్చాయో చూపించమని పక్కన కూర్చున్నారు.

జోనల్ పోటీలకు కబడ్డీ జట్టుని తుని తీసుకెళ్ళిన రోజు, క్లాసు లీడర్నని తాళం నాకిచ్చారు. “ఇద్దరు లేందే తియ్యకమ్మా” అని మరీ చెప్పారు. ఆ రోజు నా స్నేహితురాలికి జ్వరం, బడికి రాలేదు. నేను ఒక్కదాన్నే తీశాను. ఎందాకా అని అడిగేవాళ్ళు లేరు కదా, చాట్ రూములోకి వెళ్ళాను. విశాఖపట్నంలో పదో తరగతి చదివే అమ్మాయినంటూ ఎవరో పలకరించారు. తన దగ్గర లెక్కల మోడల్ పేపర్లున్నాయనీ, వాటి గురించి ఫోన్‌లో చెబుతాననీ నంబరు అడిగారు.

మా ఇంట్లో ఫోన్ లేదు. మా వీధిలో సగం ఇళ్ళకి నా స్నేహితురాలి వాళ్ళ కిరాణా కొట్టు నంబరే పి.పి. నంబరు. ఎవరికైనా ఫోన్ వస్తే వాళ్ళ నాన్నగారు గుమ్మంలో నిలబడి కేకేసేవారు. నా దరఖాస్తులన్నిటి మీదా అదే నంబరు. అదే ఇచ్చాను. పేరు అడిగారు. సొంత పేరు చెప్పకూడదని మాస్టారు వందసార్లు చెప్పారు. అందుకని నా స్నేహితురాలి పేరు చెప్పాను. నంబరు కొట్టుది, పేరు కొట్టువాళ్ళ అమ్మాయిది, రెండూ చక్కగా అతికాయని నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. ఇంత తెలివితక్కువతనం ఎక్కడైనా చూశారా మీరు?

ఫోన్ చేసింది అమ్మాయి కాదు. మగాడు. రోజుకి మూడుసార్లు కొట్టుకి ఫోన్ చేసి, దాని పేరు పెట్టి అడిగి, స్కూలు కంప్యూటర్లోంచి తనతో మాట్లాడిందనీ, ఒకసారి పిలవమనీ గోల. నాలుగో రోజు వాళ్ళ నాన్నగారు స్కూలుకి వచ్చారు.

“మా అమ్మాయి జ్వరంతో ఇంట్లో పడుకుందండి. దాని పేరు మీ గదిలోంచి ఎవరు బయటపెట్టారో చెప్పండి. చెప్పేదాకా పిల్లని పంపను” అన్నారు.

హెడ్మాస్టరు గారు డ్రిల్లు మాస్టారి వైపు చూశారు. నేను హాజరు పట్టీ పట్టుకుని గుమ్మం బయట నిలబడి ఉన్నాను. మాస్టారికి నేను కనిపిస్తూనే ఉన్నాను. నా పేరు ఒక్కటి చెబితే ఆయన తప్పు లేకుండా పోయేది, నా స్నేహితురాలూ మర్నాడే బడికి వచ్చేది.

“తాళం తలుపుకే వదిలేసి వెళ్ళానండి. ఎవరు తీశారని చెప్పను? తప్పు నాదే” అన్నారు మాస్టారు.

నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. కంప్యూటర్ల గది మాస్టారి చేతిలోంచి తీసేశారు. ఆడపిల్లలెవరూ అటు వెళ్ళకూడదన్నారు. ఎవరికీ ఏమీ నేర్పకుండా ఇంకో తాళం కొని వేశారు, సమస్య తీరిపోయిందన్నారు. మాస్టారు రోజూ సాయంత్రం సైకిలు మీద కొట్టుకి వెళ్ళి, బియ్యం బస్తా మీద కూర్చుని బతిమాలితే, మూడు వారాలకి దాన్ని పరీక్షల కోసం పంపారు. కంప్యూటర్ మాట మాత్రం వాళ్ళింట్లో మళ్ళీ ఎత్తనివ్వలేదు. ఇంటర్ తరవాత అది కంప్యూటర్ కోర్సు చేస్తానంటే ఒప్పుకోలేదు. ఇప్పుడు కొట్టు చూసుకుంటోంది. నేను కంప్యూటర్ టీచర్నయ్యాను.

ఆ గొడవైన మర్నాడు మాస్టారు గ్రౌండులో కబడ్డీ గీతలకి సున్నం పోస్తున్నారు. నన్ను చూసి, “చేరావా అమ్మా?” అన్నారు.

“చేరాను మాస్టారూ” అన్నాను.

ఆయన తల ఊపి మళ్ళీ గీత గీసుకున్నారు. ఆ తరవాత ఎక్కడ కనబడినా, బస్టాండులోనైనా, మార్కెట్లోనైనా, అదే మాట. “చేరావా అమ్మా?” నాది అదే జవాబు. ఒక్కసారైనా నిలదీసి అడగొచ్చు కదా? చెంప మీద ఒక్కటి ఇవ్వొచ్చు కదా? ఆయన పోయాక ఈ పది రోజులూ ఆయనతో మనసులో ఇదే దెబ్బలాట నాకు. చెప్పుకుంటే తిట్టనని ముందే చెప్పిన మనిషి. ఆయన తిడతారని కాదు నా భయం. నా స్నేహితురాలు నాతో మాట్లాడటం మానేస్తుందని.

పోయిన నెలలో మార్కెట్లో కనబడితే, మా స్కూలుకొచ్చి పిల్లలకి నాలుగు మాటలు చెప్పమన్నాను. “నాకేం వచ్చమ్మా” అని నవ్వి, నా చేతిలోని ఆ సంతకాల కాగితం చదివి వినిపించమన్నారు. పక్కనే అరటిగెలల లారీ దింపుతున్నారు, ఆ గోలలో గట్టిగా చదివాను. అంతా విన్నారు.

“ఇవ్వను, చూడను, వెళ్ళను, అన్నీ బానే ఉన్నాయి. పొరపాటున ఇచ్చేస్తే ఎవరికి చెప్పుకోవాలో రాయలేదేంటమ్మా?” అన్నారు.

ఆదివారం నా స్నేహితురాలి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేసి, అటునుంచి అటే మాస్టారింటికి వెళ్దామనుకున్నాను. ఆదివారం పేపర్లు దిద్దాల్సి వచ్చింది. ఆ పై ఆదివారం ఎవరిదో పెళ్ళి. నాకు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఆ కాగితం కూడా మార్చకుండా అలాగే పిల్లలకి పంచాను.

పదో రోజుకి నేనూ నా స్నేహితురాలూ కలిసి మాస్టారింటికి వెళ్ళాం. ఫొటో పక్కన మేకుకి ఆయన ఈల వేలాడుతోంది. మాస్టారి భార్య మమ్మల్ని పోల్చుకుని, “మీ గురించి చెబుతుండేవారమ్మా” అన్నారు. ఏం చెప్పేవారో అడిగే ధైర్యం నాకు లేదు.

తిరిగి వస్తూ కాలవ గట్టు మీద చెప్పేశాను. తాళం, చాట్ రూము, పి.పి. నంబరు, దాని పేరు, అన్నీ. అది నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది.

“నువ్వు కంప్యూటర్ టీచరువయ్యావు” అంది. కోపంగా కూడా అనలేదు.

“అవును” అన్నాను.

“మా నాన్న ఆయనకి ఎనిమిదేళ్ళు నమస్కారం పెట్టలేదే. చావుకి కూడా వెళ్ళలేదు.” కళ్ళు తుడుచుకుంది. “నాకు కాదు. పద, మా నాన్నకి చెప్పు.”

దారి పొడుగునా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. మెయిన్ రోడ్డు మీద వాళ్ళ కొట్టు కనబడింది. వాళ్ళ నాన్నగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, అప్పట్లో ఫోన్ వచ్చిందని మమ్మల్ని కేకేసిన చోటే. జుట్టంతా నెరిసిపోయింది. కూతురి వెనకాల తల దించుకుని వస్తున్న నన్ను చూసి, కళ్ళజోడు సర్దుకుని, నవ్వుతూ పలకరించారు.

“ఎందాకా అమ్మా?”

“మీ దాకానేనండి, బాబాయ్ గారూ” అన్నాను.