కదలని మనిషి గది

మా మరిది చిన్నప్పటినుంచీ ఒక చోట కూర్చున్నాడంటే కదలడు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజున గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని ఉంటే, చెక్కబొమ్మ అనుకుని నా చేతిసంచీ అతని ఒళ్లో పెట్టబోయాను. వీధివాళ్లు అతన్ని రాతిబొమ్మ అంటారు. అతనికి కోపం రాదు. వచ్చినా మనకు తెలియదు.

అలాంటివాడికి తగ్గ ఉద్యోగమే దొరికింది. పెద్ద కంపెనీలో పాత నక్షాల గది అతనిది. ఏ గోడలో ఏ నీటిగొట్టం పోతుందో గీసిన పటాలన్నీ అతని బీరువాల్లో ఉంటాయి. ఎవరైనా అడిగితే తీసి ఇవ్వాలి. అడిగేవాళ్లు మాత్రం ఏటికేడు తగ్గిపోయారు. రిటైరయ్యేదాకా ఆ కుర్చీ ఒక్కటీ నిలిస్తే చాలని మా తోడికోడలు దిగులుపడుతూ ఉండేది.

ఈలోగా కంపెనీకి కరెంటు పొదుపు పిచ్చి పట్టింది. భూమిని కాపాడాలట. కాగితం కప్పులు పోయాయి. కిటికీలు తెరుచుకోకుండా బిగించేశారు. ప్రతి గది పైకప్పుకీ తెల్లటి కన్నులాంటిది ఒకటి అతికించారు. మనిషి కదిలితే లైటు వెలుగుతుంది, గాలి వస్తుంది. కదలకపోతే రెండూ ఆగిపోతాయి. అందరూ కుర్చీల్లో చేతులూపుతూ విసుక్కుంటుంటే, మావాడి విద్యకు మాత్రం తొలిసారి విలువ దొరికింది. అందరికన్నా తక్కువ కరెంటు కాల్చిన గది అని నలుగురి ముందూ అతని చొక్కాకి ఆకుపచ్చ బిళ్ల తగిలించారు. ఆ బిళ్లతోనే నిద్రపోయాడు.

చూడకుండా నేను ఉండగలనా? క్యారియరు వంకపెట్టుకుని వెళ్లాను. అడుగుపెట్టగానే లైట్లన్నీ భళ్లున వెలిగాయి. బీరువాల మధ్య మూలనుంచి గొంతు వినిపించింది.

"అయ్యో వదినా, అంతా పాడుచేశావు! కదలకుండా కూర్చో."

"ఊపిరి పీల్చుకోవచ్చా, లేక దానికీ లెక్కుందా?"

"మెల్లిగా పీల్చుకో."

నవ్వుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి లైట్లు పోయాయి. ఆ వెంటే గోడలోంచి వస్తున్న గాలి, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగింది. నా నవ్వూ ఆగింది. కిటికీ మసక వెలుతురులో అతని ముఖం బూడిదలా ఉంది.

"తల బరువెక్కట్లేదూ?" అని అడిగాను.

"ఎక్కుతుంది. మధ్యాహ్నాలు మగతగా కూడా ఉంటుంది. అలవాటైపోయిందిలే."

కొన్నాళ్లకు ఒక సాయంత్రం అతను హుషారుగా ఇంటికొచ్చాడు. మాటల్లో పొదుపైన మనిషి, ఆ రోజు ఆగలేదు.

"పెద్దసారూ ఇంకో ఇద్దరూ గాజు తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూశారు వదినా. రెండో బిళ్లకి తనిఖీ అయ్యుంటుంది. నేను రెప్ప కూడా వేయలేదు!"

"ఏమన్నారు?"

"ఈ గది ఎప్పుడూ ఖాళీయే అన్నారు."

మా తోడికోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఖాళీ అంటే? మీరు లేరనా?"

"అంత బాగా కూర్చున్నానన్నమాట."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! నోరు తెరిచి నేనున్నానని చెప్పలేకపోయారా?"

ఆ వారంలోనే గేటు దగ్గర కాగితం అంటించారు. వాడకంలో లేని గదులన్నీ మూసేస్తారట, ఆ కరెంటు కూడా మిగులుతుందట. అందులో నక్షాల గదీ ఉంది. ఆ రాత్రి ఇద్దరం అతని మీద విరుచుకుపడ్డాం. మూసేసే రోజు పొద్దున్న బయల్దేరుతూ, "పని అయ్యాక, ఆ గదిలో నేనుంటున్నానని పెద్దసారుకి చెప్పేసి వస్తాను, సరేనా?" అన్నాడు.

పొద్దు వాలింది. మనిషి రాలేదు. ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఇద్దరం పరుగున వెళ్లాం. ఆఫీసు మెట్ల మీద వడ్రంగులు సుత్తులు సంచీలో వేసుకుంటూ ఎదురయ్యారు.

"నక్షాల గదా? తలుపుకి అడ్డంగా చెక్కలు కొట్టేశామమ్మా. గాలి గొట్టం కూడా మూసేశాం."

"లోపల మావాడున్నాడేమో చూశారా?" అన్నాను.

మెట్ల మొదట్లో బల్ల దగ్గరున్న వాచ్‌మన్ తన ముందున్న తెర మా వైపు తిప్పాడు. "లోపల ఎవరూ లేరమ్మా. ఇదుగో చూడండి, పొద్దున్న ఒకసారి వెలిగింది, అంతే. ఆ తర్వాత ఆ గదిలో లైటే వెలగలేదు."

"అందుకే ఉన్నాడయ్యా లోపల!" అని అరుస్తూ మా తోడికోడలు అతన్ని తోసుకుని మెట్లెక్కేసింది.